కల్లంలో కళ్ళు తుడుచుకోరు

మా అక్క సినిమాల్లో ఏడిస్తే హాలంతా ఏడ్చేది. గొప్పకి చెప్పడం లేదు. నేను హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేరిన మొదటి రోజే హెడ్మాస్టరుగారు నా ఉద్యోగం కాగితాలు పక్కన పెట్టి, "మీ అక్కయ్యగారు కంట్లో మందు వేసుకోకుండానే ఏడుస్తారటగా, నిజమేనా?" అని అడిగారు. నిజమే. కెమెరా తిరగడం మొదలైతే చాలు, బొటబొటా కారేవి. ఏడుపు ఒకటి, గజ్జె కట్టి ఆడే ఆట ఒకటి, ఆ రెంటికీ ఆమె పెట్టింది పేరు.

ముప్ఫై రెండో ఏట ఆట ఆగిపోయింది. మద్రాసులో గుండ్రంగా తిరిగే ఎత్తైన చెక్క వేదిక మీద పాట తీస్తున్నారు. కింద బోల్టు ఊడిందో, కొయ్యే విరిగిందో ఈరోజుకీ తేలలేదు గానీ, అక్క అంత ఎత్తు నుంచి వెల్లకిలా పడింది. వెన్నుపూస దెబ్బతింది. నడుం కిందనుంచి స్పర్శ పోయింది. రెండు నెలలు ఆసుపత్రి ముందు కార్లు బారులు తీరాయి. మూడో నెలలో ఒక్క కారూ లేదు. నాలుగో నెలలో మా అమ్మ మద్రాసు వెళ్ళి, "ఇంకెవరి కోసం చూస్తావే, పద" అని ఇంటికి తీసుకొచ్చేసింది.

గుంటూరు నుంచి నరసరావుపేట పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి వెళితే మా ఊరు. నల్లరేగడి నేల. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. నాన్న పోయాక సేద్యమంతా అమ్మే చూసుకునేది. పెళ్ళి మాటెత్తితే నేను కరుస్తానని పేరు పడ్డాను కాబట్టి నేనూ ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

అక్క వచ్చిన కొత్తలో నేను ఇంట్లో మునివేళ్ళ మీద నడిచేదాన్ని. ఆమె ముందు నడవడమే ఏదో తప్పు చేసినట్టు ఉండేది. ఒకరోజు మంచం మీదనుంచి గట్టిగా అరిచింది.

"ఒసే, పిల్లిలాగా ఆ నడకేంటే? చిరాగ్గా ఉంది. దబదబా నడువు!"

అప్పటినుంచి దబదబానే నడుస్తున్నాను. ఇప్పటికీ నా అడుగుల చప్పుడుకి పక్కవాళ్ళు లేస్తారు.

ఆమె కష్టం గురించి చూడ్డానికి వచ్చిన వాళ్ళే ఎక్కువ మాట్లాడేవారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఏదో ఒక నెపంతో వచ్చి, గుమ్మంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. "ఎట్టాంటి పిల్ల ఎట్టా అయిపోయింది" అని, ఆమెకి వినపడేలా. అక్క వాళ్ళ వంక చూసేది కాదు, అటక వంక చూసేది. ఆ వానాకాలం అంతా ఆమె అటక దూలాలు లెక్కపెడుతూనే గడిపింది.

మిరప కోతలొచ్చాయి. కోసిన కాయని కల్లంలో పరిచి ఎండబెట్టడం, తాలుకాయ ఏరడం, గోతాలకి తొక్కడం, ఈ పనులన్నీ నెలల తరబడి సాగుతాయి. అమ్మకి పెద్ద చిక్కొచ్చి పడింది.

"దీన్నొక్కదాన్నీ ఇంట్లో వదిలి నేను కల్లానికెట్టా పోను? కల్లాన్ని వదిలి ఇంట్లో ఎట్టా కూచోను?" అని నన్ను తిట్టింది. నేనేం చేశానో నాకు తెలీదు. తిట్టడానికి దగ్గరున్నాను, అంతే.

చివరికి నులకమంచంతో సహా అక్కని ఎడ్లబండి మీద కల్లానికి తీసుకెళ్ళింది. తాటాకు పందిరి కింద దిండ్లు ఆనించి కూర్చోబెట్టింది. ఎదురుగా చేలో సగం మేర ఎర్రగా పరిచిన కాయ. కాసేపయ్యాక అమ్మ ఒక గంపెడు కాయ తెచ్చి ఆమె ఒళ్ళో బోర్లించింది.

"ఊరికే చూస్తా కూచోడమెందుకు? తాలు ఏరు."

తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. మంచికాయలో అది కలిస్తే సరుకు విలువ పడిపోతుంది. రాష్ట్రమంతా ఫొటోలు పెట్టుకున్న ఆ చేతులు తాలు ఏరడం నాకు చూడబుద్ధి కాలేదు. అమ్మ మీద కోపంతో మొహం తిప్పుకున్నాను. అక్క మాత్రం ఏరింది. ఘాటుకి కళ్ళు మండి, తుడుచుకోబోయి చెయ్యెత్తింది. పది గజాల దూరంనుంచి కూలీల మేస్త్రమ్మ కేక పెట్టింది.

"చెయ్యి పెట్టబాక! పెట్టబాక అమ్మాయిగారూ! కారనియ్యి. కారితే అదే పోద్ది."

మా కల్లాల్లో అందరికీ తెలిసిన మొదటి పాఠం ఇది. కారం అంటిన చెయ్యి కంటికి తగిలితే ఇక ఆ పూట పని లేనట్టే. అందుకని కల్లంలో ఎవరూ కళ్ళు తుడుచుకోరు. నీళ్ళు కారుతుంటే కారుతుంటాయి, చేతులు పని చేసుకుపోతుంటాయి. ఆ మొహాలతోనే ఎకసెక్కాలు ఆడుకుంటారు, కోడళ్ళని తిట్టుకుంటారు, పకపకా నవ్వుకుంటారు. అక్క ఆ రోజు చెయ్యి దించేసింది. మళ్ళీ ఎత్తగా నేను చూడలేదు.

ఆ రెండో ఏడే అనుకుంటాను, ఒక మధ్యాహ్నం అక్క గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. ఇంకో గుప్పెడు తీసి ఆడించింది. "అమ్మా, ఇవి ఎండలేదు" అంది. ఎండిన కాయలో గింజ గలగలమంటుంది, ఎండనిది మూగగా ఉంటుంది. ఆ మాత్రం మాకూ తెలుసు. కానీ ఆ రోజు మా చెవులకి ఆ కాయ గలగలమంటూనే ఉంది. మేస్త్రమ్మ కూడా నవ్వేసి గోతాలకెత్తించింది. ఇరవై రోజులకి ఆ టిక్కీలు విప్పి చూస్తే, టిక్కీ అంటే మా వైపు మిరప బస్తా, అడుగునంతా బూజు.

ఇరవై ఏళ్ళు గజ్జెల్లో తేడా పట్టుకున్న చెవి అది. ఒక్క మువ్వ పలక్కపోయినా పాట ఆపించేదట. ఆ తర్వాత మేస్త్రమ్మ అక్క చెవిలో గలగలమననిదే గోతం ముట్టుకోలేదు. మెల్లగా పక్క కల్లాలవాళ్ళు గుప్పెళ్ళతో రావడం మొదలైంది. తర్వాత పక్క ఊళ్ళవాళ్ళు. పత్తి తెల్లదోమ పాలైన ఏడాది అందరి ఆశా మిరప మీదే ఉంది. ఆ ఏడు మా పందిరి ముందు మనుషులు కండువాల్లో కాయ మూటగట్టుకుని వరసలో నిలబడ్డారు. అక్క ఆడించేది, వినేది, "ఎత్తుకోండి" అనేది, లేకపోతే "ఇంకో ఎండ పడాలి" అనేది. ఆ మాటకి ఎదురు చెప్పినవాడు లేడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళే ఇప్పుడు, "ఏమమ్మా, మా కాయ ఎప్పుడు చూస్తావు? పొద్దున్నుంచీ కూచోబెట్టావు" అని పోట్లాడేవారు. ఆ పోట్లాట వింటుంటే నా కడుపు నిండిపోయేది.

అలాంటి రోజుల్లో డైరెక్టరుగారు వచ్చారు. ఆయన మంచివాడే. ఈ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే కాసేపట్లో ఆయన్ని బాగా తిట్టబోతున్నాను. మద్రాసులో ఉంటాడు, పుట్టింది పొన్నూరు దగ్గర. అక్క జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తానన్నాడు.

అక్క సూటిగా చెప్పింది. "తీసుకోండి. పడ్డ సంగతి చెప్పండి, లేవలేని సంగతి చెప్పండి, దాచేదేం లేదు. కానీ నన్ను చూసి జాలిపడే సినిమా తియ్యకండి. సినిమాల్లో కావలసినంత ఏడ్చాను. ఇందులో ఏడవను."

"అలాగే మేడమ్, ప్రామిస్" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఆ ఒక్క మాట మీదే ఆమె ఒప్పుకుంది. ఒక్క ఊరి జాలిని వదిలించుకోవడానికి ఆమెకి ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడు ఈ సినిమా వచ్చి రాష్ట్రమంతటినీ మళ్ళీ గుమ్మంలో కొంగు అడ్డం పెట్టించి నిలబెడితే? నాకు ఆ భయం ఉంది. ఆమెకీ ఉండే ఉంటుంది, పైకి చెప్పలేదు.

ఆయన వచ్చిన రెండో రోజు నుంచే ఆమెని ఏడిపించే పని మొదలుపెట్టాడు. మాట ఇచ్చాక కూడా మనిషికి ఆశ చావదు. పాత పాట టేపురికార్డర్లో పెట్టాడు. అక్క విని, "రెండో చరణంలో తబలా తొందరపడింది, అప్పుడే చెప్పాను" అంది. పాత ఫొటోలు ఒళ్ళో పెట్టాడు. "అబ్బ, ఆ చీర ఎంత గుచ్చుకునేదో" అంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా చూడమన్నాడు. దూరంగా చూసి, "ఒసే, ఆ దూడ తాడు తెంపుకుంది చూడు" అని నన్ను పరుగెత్తించింది.

మూడో రోజు ఆయన నన్ను పక్కకి పిలిచాడు. అక్క గజ్జెలు ఇంట్లో ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి. నేనే ట్రంకుపెట్టె అడుగున దాచాను. ఇస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు, తెలిసే ఇచ్చాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఆరేళ్ళలో ఆమె ఒక్కసారీ ఏడవకపోవడం నాకూ ఒక జబ్బులాగే తోచేది. ఒక్కసారి ఏడ్చేస్తే తేలికపడుతుందని, కెమెరా ఎదురుగా అయినా సరేననీ అనుకున్నాను.

కెమెరా తిరుగుతుండగా నేనే తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. అక్క వాటిని చూసింది. నా మొహం చూసింది. గజ్జెలు చెవి దగ్గర పెట్టుకుని కాయని ఆడించినట్టే ఆడించింది.

"చిలుం పట్టాయే. చింతపండు పెట్టి తోము."

తోమాక వాటిని పందిరి గుంజకి తాడుతో కట్టించింది. మంచం మీదనుంచి తాడు లాగితే గజ్జెలు మోగుతాయి, మేస్త్రమ్మ వస్తుంది. అన్నాళ్ళూ గొంతు చించుకుని పిలిచేది కదా, ఆ బాధ తప్పింది. ఆ సాయంత్రం నా జడ లాగి, నేను అడక్కుండానే చెప్పింది.

"మద్రాసు ఆసుపత్రిలో పదకొండు రోజులు ఏడ్చానే. ఎవరూ లేనప్పుడు. అయిపోయింది. మళ్ళీ ఏడవాలని లేదు, నాకు పనుంది."

నేను వెళ్ళి పెరట్లో నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆఖరిరోజు షూటింగు కల్లంలో పెట్టాడు. వెనకాల ఎర్రటి రాశి, ముందు అక్క, వెలుతురు బాగుందని ఒకచోట కెమెరా పాతాడు. మేస్త్రమ్మ చూసి, "అయ్యా, అటు నిలబడబాకండి, గాలి అటే కొడతంది. ఇప్పుడు గోతాలు దులుపుతాం" అంది. పాత గోతాలు తిరగేసి దులిపితే కిందటేటి కారం అంతా లేస్తుంది. డైరెక్టరుగారు "దులపండమ్మా, నేచురల్‌గా ఉంటుంది" అన్నాడు.

దులిపారు. ఎర్రటి దుమ్ము లేచి నేరుగా వాళ్ళ మీదికి పోయింది. సౌండు చూసేవాడు యంత్రం వదిలేసి చేలో పడి పరిగెత్తాడు. కెమెరామన్ ఒక్కడే తువ్వాలు మొహానికి చుట్టుకుని నిలబడ్డాడు. అక్క రెండు గుప్పిళ్ళలో కాయ పట్టుకుని కదలకుండా కూర్చుంది. రెండు కళ్ళా ధారగా నీళ్ళు. తుడుచుకోలేదు. దుమ్ము ఎటు పోతుందా అని దూరంగా చూస్తోంది. డైరెక్టరుగారు దగ్గుతూనే "ఆపకు, ఆపకు" అని కెమెరామన్ చెవిలో గొణిగాడు. అంతలో తన కన్ను మండితే, అప్పటిదాకా కాయ పట్టుకున్న చేత్తోనే గట్టిగా నలుపుకున్నాడు.

ఆయన గెంతిన గెంతుడు మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మేస్త్రమ్మ ఆయన జుట్టు పట్టుకుని వంచి, మజ్జిగతో కళ్ళు కడిగింది. "కల్లంలో కళ్ళు తుడుచుకోరయ్యా! తెలీకపోతే అడగాల" అని కేకలేసింది. అక్క నవ్వలేక పక్కటెముకలు పట్టుకుంది. కెమెరా తిరుగుతూనే ఉంది.

రెండు నెలలకి ఆయన రీళ్ళు పట్టుకుని నరసరావుపేట వచ్చాడు. ముందు మాకే చూపిస్తానని ఒక హాల్లో పొద్దుటాట మాట్లాడాడు. మా ఊళ్ళో సగం, చుట్టుపక్కల ఊళ్ళలో కొంత, ట్రాక్టర్ల మీద దిగారు. అక్కని పక్క దారిలో తీసుకెళదామని హాలువాళ్ళు అంటే ఒప్పుకోలేదు. సైకిలు షాపతను చేసిచ్చిన చక్రాల కుర్చీలో, జనం మధ్యనుంచే పెద్ద గేటులో లోపలికి వచ్చింది.

సినిమా బాగుంది. అబద్ధం చెప్పను. పాత పాటలు, మద్రాసు, అక్క పడిన ఆ వేదిక, అన్నీ ఉన్నాయి. కల్లం కూడా ఉంది, కానీ తాలు ఏరే చేతులే ఉన్నాయి. కాయ ఆడించే చెవి లేదు, వరసలో నిలబడ్డ మనుషులు లేరు. నాకు ఒళ్ళు మండటం మొదలైంది. చివరికి తెర నిండా అక్క మొహం. రెండు కళ్ళా ధారగా నీళ్ళు. వెనకనుంచి వీణ. దాని మీద ఒక బరువైన మగగొంతు:

"ఆమె ఈ కన్నీళ్ళను తుడుచుకోదు. తుడిచే చెయ్యి ఆమెకు లేదు."

లేదట! ఆ పక్కనే నేను కూర్చుని ఉన్నాను. ఇటు పక్కన అమ్మ ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి అరవబోయాను. నాకంటే ముందు ఆడవాళ్ళ బెంచీల్లోంచి మేస్త్రమ్మ గొంతు లేచింది.

"ఓరి నీ దుంపతెగ! అది గోతాలు దులిపిన రోజు గదంటయ్యా! చేతి నిండా కారం పెట్టుకుని ఎట్టా తుడుచుకుంటదీ?"

అందరి తలలూ అటు తిరిగాయి. తర్వాత హాలు పగిలిపోయింది. తెర మీద వీణ ఏడుస్తోంది, కింద వందలమంది మిరప రైతులు, కూలీలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "మజ్జిగ పొయ్యండ్రా!" అని ఎవరో అరిచారు. భయంభయంగా అక్క వంక చూశాను. అందరికంటే గట్టిగా ఆమే నవ్వుతోంది.

లైట్లు వేశాక డైరెక్టరుగారు తలుపు దగ్గర నిలబడిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క కుర్చీ తోయించుకుని ఆయన దగ్గరికే వెళ్ళింది. నేను నాలుగు మాటలు కడిగేద్దామని నోరు తెరిస్తే, నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపింది.

"అవి కారం నీళ్ళని మీకు తెలుసు కదండీ. మీ కళ్ళూ మండాయి."

"తెలుసు మేడమ్." అన్నాడు. "కానీ ఎడిటింగులో చూస్తుంటే నిజంగా ఏడుస్తున్నట్టే ఉంది. ఎన్నిసార్లు చూశానో. నేనే నమ్మేశాను."

"మీరు నమ్మాలనుకున్నారు కాబట్టి నమ్మారు. మాట తప్పారు." గొంతు పెంచలేదు. "ఆ తర్వాత ముక్క ఉందా మీ దగ్గర?"

"ఉంది."

"అది పెట్టండి. ఆ కాయ ఆడించే ముక్కలూ పెట్టండి. ఆ గొంతు తీసెయ్యండి."

"అది పెడితే జనం ఏడవరు మేడమ్."

"ఏడవాలనుకున్నవాళ్ళని నా పాత సినిమాలు చూసుకోమనండి."

ఆయన రీళ్ళు సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడనే అనుకున్నాను, ఇంట్లో అలాగే చెప్పాను కూడా. నెలన్నర తర్వాత వచ్చాడు. అదే హాలు, అదే పొద్దుటాట. ఈసారి జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు.

ఈ సినిమాలో వరస ఉంది. కండువా మూటలున్నాయి. "పొద్దున్నుంచీ కూచోబెట్టావు" అని పోట్లాడే ఆడమనిషి ఉంది. చివరికి మళ్ళీ అదే మొహం వచ్చింది, రెండు కళ్ళా అవే నీళ్ళు. వీణ లేదు, గొంతు లేదు, గాలి చప్పుడు ఒక్కటే ఉంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ మొహం అలా ఉండి ఉండి ఒక్కసారిగా నవ్వులోకి విచ్చుకుంది. తెరకి ఆ చివర డైరెక్టరుగారి గెంతులు, మజ్జిగ చెంబు. తన గెంతులు తనే పెట్టుకున్నాడు, ఆ సంగతికి మాత్రం ఆయనకి దణ్ణం పెట్టాలి. ఇటు అక్క నవ్వు ఆపుకుంటూ, చెంపల మీద తడి అలాగే ఉండగా, గుప్పెడు కాయ చెవి దగ్గర ఆడించింది. విన్నది. తలూపింది. చెయ్యి చాపి తాడు లాగింది. గుంజకి కట్టిన గజ్జెలు హాలంతా మోగాయి.

"ఇంకో ఎండ పడాలి. ఎత్తబాకండి!"

అంతే, తెర తెల్లబడింది. జనం లేచి నిలబడ్డారు. కొత్త సినిమాలో హీరో దిగినప్పుడు ఎలా ఈల వేస్తారో అలా వేశారు. కండువాలు ఎగరేశారు. మేస్త్రమ్మ బెంచీ ఎక్కి, "మా అమ్మాయిగారు!" అని అటూ ఇటూ తిరిగి అందరికీ చెబుతోంది, అక్కడెవరికో తెలియనట్టు. అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఒకప్పుడు వేదిక మీద పాట అయిపోయాక అలాగే పెట్టేది. ఆ చేతుల్ని అలా చూసి ఎన్నేళ్ళయిందో.

నాకు ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లలాగా వెక్కివెక్కి ఏడ్చాను. రెండు చేతులతోనూ కళ్ళు తుడుచుకుంటున్నాను, మళ్ళీ వస్తున్నాయి. అక్క తల తిప్పి నన్ను చూసింది. దణ్ణం పెట్టిన చేతుల్లో ఒకటి దించి, నా చెంప తుడిచింది.

"ఏమే, ఇక్కడ గోతాలెవరు దులిపారే?" అంది.